పెట్రోలు బండిని నెలల తరబడి నిలిపి ఉంచేముందు

ఉద్దనపల్లిలో తాళం వేసిన ఇంటి వసారాలో, గోనెపట్టా కప్పిన మోపెడ్ కనబడడం అరుదు కాదు. యజమాని హోసూరులోనో బెంగళూరులోనో ఉద్యోగంలో ఉంటాడు. బండి పండుగకు గాని కదలదు. తొలి టీవీఎస్ 50 మోపెడ్ 1980లో హోసూరు కర్మాగారం నుండే వెలువడింది. రాయకోట మార్కెట్టుకు టమాటాలు మోసిన అటువంటి బండ్లను మనవారు చక్కగా నడపగలరు. నిలపడంలోనే పొరపాటు జరుగుతున్నది. నిలిచిన బండికి దుమ్ముకంటె, ట్యాంకులో మిగిలిన పెట్రోలు ఎక్కువ చేటు చేస్తుంది.

నేడు బంకులలో లభించే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకొంటుంది. ఆశ్వయుజ, కార్తీక మాసాల వానలలో ఆ తేమ హద్దు మీరితే, నీరూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుండి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరుతాయి. ఇనుప ట్యాంకు తుప్పుపడుతుంది. కార్బురేటరులోని కొద్దిపాటి పెట్రోలు ఆవిరై, జిగురుగా మారి జెట్టు రంధ్రాన్ని మూసివేస్తుంది.

కార్బురేటరు గల బండిని రెండు మూడు నెలలు నిలపదలిస్తే, ట్యాంకును దాదాపు నింపి, స్పేర్లు అమ్మే దుకాణంలో దొరికే ఫ్యూయల్ స్టెబిలైజరును డబ్బాపై సూచించిన మేరకు కలపండి. పది నిమిషాలు ఇంజను నడిపి, పెట్రోలు కాక్ మూసి, అది తానై ఆగేవరకు ఉంచండి. ఆరు నెలలు మించేటట్లయితే ట్యాంకును ఖాళీ చేయడమే మేలు. ఇంజను చల్లారిన తరువాత, ఆరుబయట, నిప్పుకు దూరంగా ఆ పని చేయాలి. తీసిన పెట్రోలును నీళ్ల సీసాలో పోసి వంటింట్లో పెట్టడం ప్రాణాపాయకరం. 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన బీఎస్ 6 బండ్లలో చాలావాటికి కార్బురేటరు లేదు. వాటిని పెట్రోలు అయిపోయేదాకా నడిపితే పంపు దెబ్బతినవచ్చు.

ఇంజను ఆయిలును తిరిగి వచ్చాక కాక, వెళ్లేముందే మార్చాలి. పాత ఆయిలులోని ఆమ్లాలు లోహాన్ని తింటాయి. బ్యాటరీకి మొదట నెగటివ్ తీగను విప్పి, నెలకొకసారి ఛార్జి చేయించండి. ఎలుకలు దూరకుండ సైలెన్సరు మూతిలో గుడ్డ కుక్కి, మరచిపోకుండ హ్యాండిల్‌కు ఎర్రదారం కట్టండి.

పొరుగువారికి తాళం చెవి ఇచ్చి, "వారానికొకసారి స్టార్టు చేయి మామా" అని చెప్పి వెళ్లడం మనలో పరిపాటి. ఆ మాట చెప్పకపోవడమే మంచిది. రెండు నిమిషాల నడకలో ఇంజను పూర్తిగా వేడెక్కదు. ఆయిలులోనూ సైలెన్సరులోనూ నీరు చేరుతుంది. బ్యాటరీ ఖర్చయిన ఛార్జీని తిరిగి పొందదు.

రిసార్టులలో, గోల్ఫ్ మైదానాలలో పెట్రోలు గోల్ఫ్ బగ్గీలను చూసుకొనేవారికీ ఇదే పద్ధతి వర్తిస్తుంది. అయితే వాటిలో చాలావాటికి, తాళం చెవి తిప్పి యాక్సిలరేటరు తొక్కగానే ఇంజను ప్రారంభమై బండి కదులుతుంది. కనుక చెవి తీసి, గేరును న్యూట్రల్‌లో ఉంచి, బ్యాటరీ తీగ విప్పండి. బ్రేకు పట్టి ఉంచితే షూలు అతుక్కుపోవచ్చు. బ్రేకు వదలి, చక్రాలకు ముందూ వెనుకా దిమ్మలు పెట్టడం మేలు.

తిరిగి వచ్చిన రోజున మొదట సైలెన్సరులోని గుడ్డ తీయండి. టైర్లలో గాలి, బ్రేకులు చూసుకొని, బండిని రోడ్డెక్కించేముందు బీమా గడువు తేదీని చూడండి. థర్డ్ పార్టీ బీమా లేకుండ రోడ్డుపై నడపడం 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం.