బండి మోత పెడితే

ఇప్పుడు పల్లెల్లో కూడా కొన్ని ఇళ్ల ముందు కారు కనిపిస్తోంది. కొందరు పాత కారు కొని బాడుగకు తిప్పుతారు. పొదుపు సంఘంలో భార్య అప్పు తీసుకుంటుంది. భర్త బండి నడుపుతాడు. కంతు కట్టాల్సింది ఇద్దరూ. బండి మూలపడితే కంతు ఆగిపోతుంది. అందుకే బండి సంగతి ఆడవాళ్లకూ తెలియాలి.

బండికి నోరు లేదు. కాని జబ్బు చేస్తే చప్పుడుతో చెబుతుంది. ఆ చప్పుడు ఎక్కువగా ఎక్సలేటరు తొక్కినప్పుడే వినిపిస్తుంది. ఎందుకని? ఎక్సలేటరు తొక్కితే ఇంజను గట్టిగా పని చేస్తుంది. పొగ జోరుగా బయటికి వస్తుంది. అన్ని భాగాల మీదా బరువు పడుతుంది. అరిగిన చోట, వదులైన చోట మోత పుడుతుంది. బరువు ఎత్తినప్పుడే కదా నడుం నొప్పి తెలిసేది!

మొదట ఇలా చూడాలి

బండిని ఆరుబయట, సమనేల మీద ఆపాలి. గేరు న్యూట్రల్‌లో పెట్టాలి. హ్యాండుబ్రేకు వేయాలి. డ్రైవరు మెల్లగా ఎక్సలేటరు తొక్కాలి. ఇంకొకరు పక్కన నిలబడి వినాలి. బండికి ముందు గాని, వెనక గాని నిలబడకూడదు.

ఆగిన బండిలోనూ మోత వస్తే తప్పు ఇంజను వైపో, సైలెన్సరు వైపో ఉంటుంది. నడిచేటప్పుడు మాత్రమే వస్తే చాలాసార్లు చక్రాల వైపు, గేరుపెట్టె వైపు చూడాలి.

ఏ చప్పుడు ఏం చెబుతుంది?

1. కీచుమని అరుపు: ఇంజను బెల్టు వదులైంది, లేదా అరిగింది. బిగించాలి. పగుళ్లు ఉంటే మార్చాలి. ఇంజను తిరుగుతుంటే బెల్టు దగ్గర చెయ్యి పెట్టకూడదు. చీర కొంగు, జడ దగ్గరికి పోనివ్వకూడదు.

2. టకటక: ఇంజనులో ఆయిలు తగ్గి ఉండవచ్చు. ఇంజను ఆపి కాసేపు ఆగాలి. ఆయిలు పుల్ల తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీయాలి. పుల్ల మీద రెండు గీతలు ఉంటాయి. ఆయిలు ఆ రెంటి మధ్య ఉండాలి. తగ్గితే పోయాలి. నడుస్తుండగా ఆయిలు ఎర్రదీపం వెలిగితే వెంటనే బండి ఆపాలి. ఆపకపోతే ఇంజనే పోతుంది.

3. ఎత్తు ఎక్కేటప్పుడు గులకరాళ్లు గలగలలాడినట్టు చప్పుడు: పెద్ద గేరులో లాగిస్తే ఇలా వస్తుంది. గేరు తగ్గించాలి. అప్పటికీ పోకపోతే పెట్రోలు కల్తీదేమో చూడాలి.

4. మలుపులో కటకట: ముందు చక్రాలకు తిప్పుడు అందించే ఇరుసు కీలు అరిగింది. దాని రబ్బరు తొడుగు చినిగితే గ్రీసు కారిపోతుంది. తొడుగు చినిగినప్పుడే మారిస్తే ఖర్చు తక్కువ.

5. బర్రుమని మోత, ఫట్‌ఫట్ చప్పుడు: సైలెన్సరు గొట్టానికి చిల్లు పడింది, లేదా అతుకు దగ్గర పొగ కారుతోంది. ఇది ప్రాణం మీదికి తెచ్చే జబ్బు.

కంటికి కనపడని విషం

ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు. వాసన లేదు. గొట్టానికి చిల్లు పడితే అది బండి లోపలికి రావచ్చు. తలనొప్పి, తల తిరగడం, వాంతి, మత్తు వస్తాయి. ఎక్కువైతే మనిషి చనిపోతారు.

ఒక కుటుంబం సొంత బండిలో పెళ్లికి పోయి వస్తోంది. వాన పడుతోంది. అద్దాలన్నీ ఎత్తేశారు. వెనక కూర్చున్న అత్తకు తల తిరిగింది. పిల్ల వాంతి చేసుకుంది.

“పెళ్లి భోజనం పడలేదేమోనమ్మా” అన్నాడు కొడుకు.

“కాదయ్యా, నాకూ తల పగిలిపోతోంది. పది రోజుల నుంచి బండి మోత పెడుతోందని చెబుతూనే ఉన్నా. ముందు బండి ఆపు. తలుపులు తియ్యి” అంది భార్య.

బండి ఆపి అందరూ బయటికి వచ్చారు. బండిని అక్కడే వదిలారు. బస్సెక్కి ఆసుపత్రికి పోయి అత్తకు, పిల్లకు చూపించారు. మర్నాడు మెకానిక్కు బండి కింద దూరి చూశాడు. గొట్టానికి చిల్లు. పైన అడుగు రేకుకూ చిల్లు.

“మంచి పని చేశావమ్మా. ఆపకపోతే అందరికీ నిద్ర ముంచుకొచ్చేది. అది లేచే నిద్ర కాదు” అన్నాడు.

చిన్న చిల్లయితే వెల్డింగు చేస్తారు. గొట్టం అంతా తుప్పు పడితే మార్చాలి. గుడ్డ చుట్టి, తీగ కట్టి నడపకూడదు. మూసిన షెడ్డులో ఇంజను నడపకూడదు. ఎవరైనా మత్తుగా పడిపోతే గాలిలోకి తీసుకురావాలి. 108కి ఫోను చేయాలి.

బండి పుస్తకం

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, ఏ చప్పుడు, ఎప్పుడు వచ్చింది, ఏ సామాను మార్చారు, ఎంత ఖర్చయింది రాయండి. మార్చిన పాత సామాను చూపించమని మెకానిక్కును అడగండి. రసీదు తీసుకుని చదవండి. అక్షరం వచ్చిన చేతిని లెక్కలో మోసం చేయడం కష్టం.

చెప్పండి
1. ఆయిలు పుల్ల మీద ఆయిలు ఎక్కడి దాకా ఉండాలి?
2. బండిలో అందరికీ తలనొప్పి వస్తే ముందు ఏం చేయాలి?

రాయండి
సైలెన్సరు, బెల్టు, ఇరుసు, రసీదు.