ఇల్లు మాట్లాడాలా, వినాలా?

ట్యాంకు నిండగానే "మోటారు కట్టెయ్" అని అరిచే పెట్టె, కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టే పెట్టె. పాలిటెక్నిక్ పిల్లలు నా దగ్గరికి మోసుకొచ్చే కోరికల్లో ఈ రెండూ తప్పకుండా ఉంటాయి. వెనకే ఇంకో ప్రశ్న: "ఏ బోర్డు కొనమంటారు మాస్టారూ?"

1. బోర్డు సంగతి తర్వాత. ఇల్లు మాట్లాడాలో, వినాలో ముందు తేల్చుకోండి. ట్యాంకు పెట్టెది మాట్లాడే పని, కుక్కర్ పెట్టెది వినే పని. మాట్లాడించడం తేలిక. కొత్తవాళ్లు అక్కడే మొదలుపెట్టాలి.

2. ఆర్డునో ఊనోని చులకన చేయకండి, అలాగని దాని లోపల పాటలు దాచాలనీ చూడకండి. ఏటీమెగా328పీ చిప్ ఉన్న ఊనోలో ఫ్లాష్ 32 కేబీ. టెలిఫోన్‌లో వినిపించే పాటి గొంతుకైనా సెకనుకు 8,000 బైట్లు కావాలి. ప్రోగ్రామ్‌కి చోటు మిగల్చకుండా నింపినా నాలుగు సెకన్లకే నిండిపోతుంది. సీడీ నాణ్యత అయితే ఒక్క సెకనుకే 1,76,400 బైట్లు.

3. అందుకే గొంతుని డీఎఫ్‌ప్లేయర్ మినీకి అప్పగించండి. మైక్రో ఎస్‌డీ కార్డు పెట్టే చోటు, ఎంపీ3 చిప్, చిన్న ఆంప్లిఫయర్ అన్నీ ఆ బుల్లి మాడ్యూల్‌లోనే ఉంటాయి. ట్యాంకులోని ఫ్లోట్ స్విచ్ కదలగానే "మూడో ఫైలు వాయించు" అని చెప్పడమే బోర్డు పని. దానికి ఊనో ఎక్కువే. బోర్డు నుంచి మాడ్యూల్ ఆర్‌ఎక్స్‌కి వెళ్లే తీగలో 1 కిలోఓమ్ రెసిస్టర్ వేయండి, గరగర తగ్గుతుంది. రికార్డింగుకి అమ్మమ్మ గొంతు వాడండి. యంత్రం గొంతుకి మా ఇంట్లో ఎవరూ కదల్లేదు.

4. స్పీకర్‌ని నేరుగా పిన్‌కి తగిలించకండి. 5 వోల్టులని 8 ఓమ్‌లతో భాగిస్తే 625 మిల్లీఆంపియర్లు. ఊనో పిన్‌కి గరిష్ఠ హద్దు 40. ఓమ్ సూత్రం బట్టీపట్టినవాళ్లు కూడా ఇక్కడ దాన్ని మర్చిపోతారు!

5. ఇక వినే పెట్టె. ఎల్‌ఎం393 ఉన్న చవక సౌండ్ సెన్సర్ శబ్దం హద్దు దాటిందా లేదా అన్నంత వరకే చెబుతుంది. చప్పట్లకి లైటు వెలిగించడానికి అది చాలు. కుక్కర్ దగ్గర మాత్రం మిక్సీ తిరిగినా, గిన్నె జారినా దాని లెక్కలో విజిలే. శబ్దం ఏ ఫ్రీక్వెన్సీల్లో ఉంది, ఎంతసేపు నిలిచింది అన్నది చూడాలి. పట్టుకోవాల్సిన ఫ్రీక్వెన్సీకి రెట్టింపు కంటే ఎక్కువ వేగంతో శాంపిల్స్ తీయాలి. ఇక్కడ ఈఎస్‌పీ32 బోర్డు కావాలి: 240 మెగాహెర్ట్జ్, 520 కేబీ ర్యామ్, ఐఎన్‌ఎంపీ441 లాంటి డిజిటల్ మైకుని కలపడానికి ఐ2ఎస్ అనే ఆడియో దారి. కోడ్ రాసేముందు మీ కుక్కర్‌నీ మిక్సీనీ ఫోన్‌లో రికార్డు చేసి, కంప్యూటర్‌లో ఆడాసిటీ పెట్టి స్పెక్ట్రమ్ చూడండి. ఉచితమే. సగంలో తెగి మళ్లీ మొదలైన విజిల్ రెండుగా పడకుండా, ఒకటి లెక్కపెట్టాక కొన్ని సెకన్లు ఏదీ పట్టించుకోకుండా రాయండి.

6. ఈఎస్‌పీ32లన్నీ ఒకటి కావు. బోర్డు కొనడానికి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లేముందు రకం పేరు పూర్తిగా కాగితం మీద రాసుకోండి. 2016 నాటి మొదటి రకంలో అంకెల్ని అనలాగ్ సిగ్నల్‌గా మార్చే రెండు డీఏసీలు, ఫోన్ నుంచి పాటలు అందుకునే క్లాసిక్ బ్లూటూత్ ఉన్నాయి. ఎస్3, సీ3లలో ఆ రెండూ లేవు. మొదటి రకానికీ ఓ మెలిక ఉంది: వైఫై నడుస్తుంటే ఏడీసీ2 పిన్లు అనలాగ్ చదవలేవు. సెన్సర్‌ని 32 నుంచి 39 వరకున్న పిన్లకే కలపండి.

7. పైథాన్ వచ్చినవాళ్లకి రాస్‌బెర్రీ పై పికో బాగుంటుంది. వైఫై కావాలంటే డబ్ల్యూ రకం.

8. బోర్డుని కంప్యూటర్ గుర్తించకపోతే ముందు కేబుల్ మార్చండి. కొన్ని చార్జింగ్ కేబుళ్లలో డేటా తీగలే ఉండవు.

9. పాట మధ్యలో బోర్డు రీసెట్ అవుతుంటే ప్రోగ్రామ్‌ని తిట్టకండి. వైఫై, స్పీకర్ ఒకేసారి కరెంటు లాగితే వోల్టేజీ పడిపోతుంది. 2 ఆంపియర్ల అడాప్టర్, సప్లై మీద 470 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టి చూడండి.

10. మోటారుని కూడా పెట్టే ఆపాలంటారా? స్టార్టయ్యేటప్పుడు మోటారు మామూలు కంటే కొన్ని రెట్ల కరెంటు లాగుతుంది. మాడ్యూళ్లతో వచ్చే నీలం రిలే కాంటాక్టులు ఆ దెబ్బకి అతుక్కుపోవచ్చు. అప్పుడు ఆపమన్నా ఆగదు. దానికి కాంటాక్టర్ కావాలి, ఎలక్ట్రీషియన్ కావాలి. అందాకా పెట్టెని అరవనివ్వండి, లేచి స్విచ్ మీరే కట్టేయండి.