ఎండాకాలం పండు - ఇచ్చే చేతికి ఒక పాఠం

ఒంటిపూట బడుల రోజుల్లో ఒక ఉదయం ప్రార్థనలో నిలబడ్డ ఆరో తరగతి పిల్లవాడు కళ్లు తిరిగి కూలబడ్డాడు. ఏం తిన్నావని అడిగితే "కూల్‌డ్రింక్ తాగిన సార్" అన్నాడు. ఆ డబ్బుకు ఇంకేం వస్తుందని ఆ రోజు తరగతిలో అడిగాను. బోర్డు నిండిపోయింది: కీరదోస, తర్బూజ్ ముక్క, గ్లాసు మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు, ముంజలు.

పిల్లలు చెప్పింది శాస్త్రమే. పుచ్చకాయలో నూటికి 90 వంతులకు పైగా నీరే. కీరదోసలో సుమారు 95 వంతులు. చెమటతో నీటితోపాటు ఉప్పు కూడా పోతుంది. అందుకే పండుతోపాటు ఉప్పు వేసిన మజ్జిగ మంచిది.

మన వరంగల్‌కు ఎండాకాలం తెచ్చేవి ఎన్నో: తాటిముంజలు, మామిడి, ఏటూరునాగారం వైపు అడవుల తునికిపండ్లు, మొర్రిపండ్లు. మన ఇళ్లలో చిగుర్ గోష్ వండే చింతచిగురు కూడా ఈ కాలానిదే. ఏ కాలంలో కాసింది ఆ కాలంలో తింటే తాజాగా దొరుకుతుంది, ధరా తక్కువే. కోసి నిల్వ ఉంచిన కొద్దీ విటమిన్ సి తగ్గిపోతుంది.

మామిడితో జాగ్రత్త. కార్బైడ్‌తో మాగబెట్టడాన్ని ఆహార భద్రతా నిబంధనలు (2011) నిషేధించాయి. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ కలిసి ఉండవచ్చు. కాయలు కొని వరిగడ్డిలోనో బియ్యం డబ్బాలోనో పెట్టండి. కాయ తనంతట తాను వదిలే ఇథిలీన్ వాయువు బయటికి పోకుండా అక్కడే నిలిచి, దాన్ని పండిస్తుంది. తినేముందు బాగా కడగాలి. కోసి ఎండలో, ఈగల మధ్య పెట్టిన ముక్కలు కొనవద్దు. షుగర్ ఉన్న పెద్దలు డాక్టరు చెప్పిన మేరకే తినాలి.

ఇక దాతలకు ఒక మనవి. చలివేంద్రం పెట్టినా, ఇఫ్తార్ ఏర్పాటు చేసినా, ఆస్పత్రిలో రోగులకు పంచినా, సీసా పానీయాలకు పెట్టే ఖర్చును తాజా పండ్లకు, మజ్జిగకు మళ్లించండి. పండ్లను రోడ్డు పక్కన గంప పెట్టుకున్న అమ్మ దగ్గరే కొనండి. అప్పుడు ఒక్క రూపాయి ఇద్దరికి అందుతుంది: తినే బిడ్డకు, అమ్మే తల్లికి.

ఆ పిల్లవాడు మర్నాడు సీసాలో మజ్జిగ తెచ్చుకున్నాడు. పక్కవాడికి కూడా సగం పోశాడు. పాఠం వాడికి అర్థమైంది.