సుమంగళి పథకం: లెక్క చూసి సంతకం చేయండి

తల్లిదండ్రులకు, విద్యార్థినులకు మనవి. కోయంబత్తూరు, తిరుప్పూరు, దిండిగల్ ప్రాంతాల్లో కొన్ని నూలుమిల్లులు పెండ్లి ఖర్చుకు డబ్బిస్తామని ఆడపిల్లలను మూడేళ్ళ ఒప్పందంపై చేర్చుకున్న పద్ధతికే ‘సుమంగళి’ అని పేరు. 2011లో వెలువడిన ‘కాప్చర్డ్ బై కాటన్’ నివేదిక దీన్ని విదేశాల దృష్టికీ తెచ్చింది.

లెక్క: ఉదాహరణకు, మూడేళ్ళ చివర 36,000 రూపాయలంటే నెలకు 1,000. అది కానుక కాదు, ఆపిన జీతమే. 35వ నెలలో జబ్బుచేసి ఇల్లు చేరితే ఆ 35,000 దక్కకపోవచ్చు.

గుర్తులు: హాస్టలు దాటనీయరు, ఫోనులో విడిగా మాట్లాడనీయరు, సర్టిఫికెట్లు తమవద్దే ఉంచుకుంటారు.

చేయవలసినవి: నియామక పత్రం, నెలనెలా జీతం చీటీ, పి.ఎఫ్. నంబరు అడగండి. ఇబ్బంది వస్తే 18 ఏళ్ళలోపు వారికి 1098, మహిళలకు 181. వెట్టిచాకిరి నిర్మూలన చట్టం (1976) కింద కలెక్టరుకు అర్జీ పెట్టవచ్చు. పని మానివచ్చిన పిల్లను నిందించక, మళ్ళీ చదువులో చేర్చండి.