పంచిపెట్టే ఉద్యోగం



ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మన తూర్పు తీరంలో చేపల వేట నిషేధం. మొత్తం 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలం గనుక, జువ్వలదిన్నె మొదలుకొని మైపాడు, కృష్ణపట్నం దాకా మరబోట్లు, మోటారు పడవలు ఒడ్డెక్కుతాయి. ఆ రెండు నెలలు ఇల్లు గడవడానికి ప్రభుత్వం వేటకు వెళ్ళే మత్స్యకారులకు భృతి ఇస్తుంది. 2019లో అది 10 వేల రూపాయలు అయింది, 2025లో 20 వేలు అయింది. ఇదంతా మీలో చాలామందికి తెలిసిందే. అయితే ఆ సొమ్ము ఎవరి ఖాతాలో పడాలో తేల్చే జాబితాను రాసే మనిషి గురించి మనం ఎప్పుడైనా ఆలోచించామా? డబ్బు పడితే నాయకునికి దండ వేస్తాం. పడకపోతే సచివాలయంలో కూర్చున్న ఆ అబ్బాయినో, అమ్మాయినో తిట్టి వస్తాం. ఈ వారం మన పాఠం ఆ ఉద్యోగం గురించే.

2019 అక్టోబరు 2న మన రాష్ట్రంలో గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. దాదాపు 15 వేల సచివాలయాల్లో లక్షమందికి పైగా యువతీయువకులు ఉద్యోగాల్లో చేరారు. మన విచారణలలోని కుటుంబాల పిల్లలు కూడా వారిలో ఉన్నారు. వారికంటే ముందునుంచే పంచాయతీ కార్యదర్శి ఉన్నాడు, మండలంలో అభివృద్ధి అధికారి ఉన్నాడు. వీరి చేతుల మీదుగా పోయే సొమ్ము రెండు రకాలు. ఒకటి మనిషికి వచ్చేది: పింఛను, వేట నిషేధ భృతి, ఇంటి మంజూరు వంటివి. రెండవది ఊరికి వచ్చేది: ఆర్థిక సంఘం గ్రాంటు. మొదటిది తప్పితే ఒక ఇల్లు ఏడుస్తుంది. రెండవది తప్పితే ఊరంతా ఉప్పునీళ్ళు తాగుతుంది, కాని ఎవరూ ఏడవరు. అందుకే రెండవదాని గురించి అడిగేవారు తక్కువ.

న్యాయము అనే మాటను మనం ఒకే అర్థంలో వాడుతుంటాం. సెమినరీలో తత్త్వశాస్త్రం చదివేటప్పుడు దానిని రెండుగా విడదీసి చెప్పేవారు. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ చేసిన విభజన అది. తరువాత పునీత తోమాసు అక్వినాసుగారు దానిని విస్తరించారు. బజారులో కిలో వంజరం కొన్నప్పుడు, కొన్నవాడు ధనవంతుడా బీదవాడా అన్నది లెక్కలోకి రాదు. సరుకుకు తగిన ధర చెల్లిస్తే న్యాయం జరిగినట్లే. అది ఇచ్చిపుచ్చుకునే న్యాయం. అందరి సొత్తును అందరికీ పంచేటప్పుడు వర్తించేది వేరు. అక్కడ ఎవరి అవసరం ఏమిటి, ఎవరికి అర్హత ఉంది అని చూడకుండా పంచడమే అన్యాయం అవుతుంది. అది పంపకపు న్యాయం. దానికి ఎదురు నిలిచే పాపం ఏమిటో అక్వినాసుగారు చెప్పారు: ముఖం చూసి ఇవ్వడం. ఒక పండితునికి అధ్యాపక పదవి ఇస్తే, అతనికి చదువు ఉందని ఇస్తే న్యాయం. అతడు ఫలానా పేతురు, ఫలానా మార్టిను అని ఇస్తే పక్షపాతం. దాదాపు ఏడున్నర వందల ఏళ్ళ క్రిందటి మాట కాబోలు, మన సచివాలయం గోడ మీద రాసి పెట్టుకోదగినది!

ఇప్పుడు పడవ దగ్గరకు వద్దాం. భృతి నిబంధన ప్రకారం మరబోటుకు ఎనిమిది మంది, మోటారు పడవకు ఆరుగురు అని లెక్క. కాగితం మీద ఇది సులభం. ఒక మోటారు పడవ మీద ఆరుగురు వెళుతున్నారనుకోండి. యజమాని చెప్పిన ఆరు పేర్లలో ఒకటి నెల్లూరు కళాశాలలో చదువుకుంటున్న అతని కొడుకుది. నిజంగా వల లాగే ఆరవవాడు పొరుగు పాలెం నుంచి వచ్చినవాడు, యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉన్నాడు. అతడు వచ్చి ఫిర్యాదు చేస్తాడా? చేయడు. పెద్దలు దురాయి పెడితే ఊరంతా కట్టుబడే పాలేలు మనవి. జాబితా రాసే సహాయకునికి యజమాని తెలుసు, యజమాని తమ్ముడు తెలుసు, వచ్చే వారం ఎవరి ఇంట్లో పెళ్ళో కూడా తెలుసు. "ఒక్క పేరే కదా తమ్ముడూ, మన పిల్లవాడు" అంటారు. ఎవరి జేబులోంచీ పోతున్నట్లు కనబడదు. ఆ సొమ్ము ఎవరిదో అతను మాత్రం మాట్లాడడు, అంతే.

ఇటువంటి చోట మంచితనం ఒక్కటే చాలదు, పద్ధతి కావాలి. పేర్లు యజమాని ఇంటి అరుగు మీద కూర్చుని రాసుకోకూడదు. పడవ దగ్గరకు వెళ్ళి, రిజిస్ట్రేషన్ నంబరు చూసి, మనుషులను ఎదుట నిలబెట్టుకుని రాయాలి. ఆ జాబితాను సచివాలయం గోడకు అంటించాలి. అభ్యంతరం చెప్పడానికి గడువు ఇవ్వాలి. గోడకు అంటించిన కాగితం నోరు లేని ఆరవవాని తరఫున మాట్లాడుతుంది. పద్ధతి అంటే మనకు విసుగు, "రూల్సు మాట్లాడుతున్నాడు" అంటాం. కాని బలం లేనివానికి ఉన్న అండ ఆ రూలే. బలమున్నవాడికి దానితో పని లేదు, ఒక ఫోను చాలు.

కాదని చెప్పడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే. నెలకు 300 యూనిట్లు దాటి కరెంటు వాడిన ఇంటికి పలు పథకాలు వర్తించవని నిబంధన పెట్టారు. ఒక విధవరాలి ఆధారుకు పొరపాటున ఎవరిదో మీటరు జతపడి ఉంటే, ఆమె రెండు బల్బుల ఇంట్లో ఉండి కూడా అనర్హురాలు అవుతుంది. అప్పుడు ఉద్యోగి ముందు రెండు దారులు. "సర్వర్ పనిచేయడం లేదమ్మా, వచ్చేవారం రా" అని పంపించడం ఒకటి. అది అబద్ధం, పైగా ఆమె కూలి రోజును దొంగిలించడం. రెండవది: కూర్చోబెట్టి, కారణం ఇదీ అని చెప్పి, ఆ కారణాన్ని కాగితం మీద రాసి ఇచ్చి, విద్యుత్ కార్యాలయంలో ఏమి అడగాలో చెప్పడం. కారణం రాసి తేదీ వేసి ఇచ్చిన తిరస్కరణను పట్టుకుని ఆమె పై అధికారి దగ్గరకు వెళ్ళగలదు. నోటిమాటగా వచ్చిన తిరస్కరణతో ఎక్కడికీ వెళ్ళలేదు.

ఇక ఊరి గ్రాంటు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. ఆ మరుసటి ఏడు మన రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. అప్పటినుండి కేంద్ర ఆర్థిక సంఘాలు పంచాయతీలకు కూడా నిధులు సిఫారసు చేస్తున్నాయి. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి పెట్టిన షరతు గమనించండి: గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు కావాలి, మిగిలిన 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు, జీతాలకు మాత్రం కాదు. భూగర్భజలం ఉప్పగా మారిన తీర గ్రామాలకు ఈ షరతు గొడుగు లాంటిది. అయినా సర్పంచికి సిమెంటు రోడ్డు కావాలి, ఎందుకంటే రోడ్డు కనబడుతుంది, భూమిలోని పైపు కనబడదు. మనవాళ్ళం మాత్రం తక్కువా? గుడి ముందు రోడ్డు, సమాధుల తోటకు గోడ అడగడానికి అందరం కలసి వెళతాం. నీళ్ళ ట్యాంకు ఎప్పుడు కడిగారు అని అడగడానికి ఎంతమంది వెళ్ళారు? తాగునీటి సొమ్మును గోడకు మళ్ళించమని కార్యదర్శిని ఒత్తిడి చేస్తే, అది దేవాలయం గోడ అయినా సరే, మనం అతనిని తప్పు చేయమని అడుగుతున్నట్లే.

దీనికి అవతలి వైపున మరొక తప్పు ఉంది. దానిని సాధారణంగా ఎవరూ తప్పుగా లెక్కించరు. ఆడిట్ అంటే భయపడి కొందరు అధికారులు అసలు ఖర్చే పెట్టరు. సొమ్ము ఖాతాలో పడి ఉంటుంది. పని జరగదు, యుటిలైజేషన్ సర్టిఫికెట్ వెళ్ళదు, తరువాతి విడత ఆగుతుంది. ఒక్క పైసా తినలేదు గనుక తాను నిజాయితీపరుడనని అతడు అనుకుంటాడు. సువార్తలో తలాంతును భూమిలో పాతిపెట్టిన సేవకుడు కూడా పైసా తినలేదు!

పంపకంలో వచ్చిన మొదటి తగాదా మన తిరుసభకు కొత్త కాదు. అపోస్తలుల కార్యములు ఆరవ అధ్యాయం తీసి కుటుంబంతో కలసి చదవండి. యెరూషలేములో రోజూ జరిగే పంపకంలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు మొదలయింది. అపోస్తలులు ఆ ఫిర్యాదు చేసినవారిని గద్దించలేదు. "మేము పరిశుద్ధులం, మా దగ్గర పక్షపాతమా?" అనలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. ఎవరికి అన్యాయం జరిగిందని ఫిర్యాదు వచ్చిందో ఆ వర్గం పేర్లే! వారికి కావలసిన అర్హతలలో మంచి పేరు, ఆత్మబలంతో పాటు వివేకము కూడా చెప్పబడింది. భక్తి ఉంటే లెక్కలు వాటంతటవే కుదురుతాయని ఆదిమ తిరుసభ అనుకోలేదు.

మన తీరంలో ఆ విధవరాండ్ర స్థానంలో ఎవరున్నారు? నన్నడిగితే యానాదులు. నెల్లూరు జిల్లావారే అయిన వెన్నెలకంటి రాఘవయ్యగారు వారికోసం తన జీవితాన్ని వెచ్చించారు. నేరస్థ జాతుల చట్టం 1952లో రద్దయింది గాని, ఆధారు లేనివారు, పుట్టిన తేదీ కాగితం లేనివారు, రొయ్యల గుంటల కాపలాకు గట్టు మీదే కాపురముండేవారు వారిలో ఇంకా ఉన్నారు. వారు దరఖాస్తు పెట్టరు. దరఖాస్తు రాలేదు గనుక తన బాధ్యత లేదని ఉద్యోగి అనవచ్చు, చట్టం అతనిని తప్పు పట్టకపోవచ్చు. కాని జాబితా చూసేటప్పుడు "ఎవరి పేరు ఉంది" అనేదాని తరువాత "ఎవరి పేరు లేదు" అని అడగగలిగినవాడే ఈ ఉద్యోగానికి తగినవాడని నా అభిప్రాయం.

మన పిల్లలకు ఈ ఉద్యోగంలో మరొక ముల్లు ఉంది, దాటవేయడం సరికాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా లేదు. మన రాష్ట్రంలో వారు బి.సి. – సి వర్గంలో ఉన్నారు, ఒక శాతం రిజర్వేషను. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ తలుపు తెరచుకుంది, మనకు తెరవలేదు. 2022లో కేంద్రం ఈ విషయం పరిశీలనకు కమిషన్ వేసింది. 2023లో మన శాసనసభ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది. ఈ నిబంధన అన్యాయమని నేనూ అంటాను. అయినా బల్ల దగ్గర కూర్చున్న మన అమ్మాయి, తన మేనమామ దరఖాస్తు మీద లేని హోదా రాయలేదు. నిబంధనను మార్చమని వీధిలో, సభలో, న్యాయస్థానంలో అడగాలి. ఫారంలో దొంగతనంగా మార్చకూడదు. ఆమె కాదన్నప్పుడు "మనవాళ్ళకే చేయదు" అని బంధువులు మాట విసరడం నేను చాలాసార్లు విన్నాను. ఆ మాటకు ఆమె రాత్రి నిద్రపోదని వారికి తెలియదు.

ఇంట్లో తల్లిదండ్రులుగా మీరు చేయగలిగినది కొంత ఉంది. గ్రామసభ ఏడాదికి కనీసం రెండుసార్లు జరగాలి. దండోరా వినబడిన రోజున ఇంటికి ఒకరైనా వెళ్ళండి. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. దాని 4వ సెక్షను ప్రకారం రాయితీ పథకాలు, వాటి లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడగకుండానే కార్యాలయం ప్రకటించాలి. ప్రకటించకపోతే దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. పడవల జాబితా గోడకెక్కినప్పుడు మీ పేరు చూసుకున్న తరువాత మరొక నిమిషం అక్కడే నిలబడి, మీ పక్కన వల లాగినవాని పేరు కూడా చూడండి.

సిఫారసు ఉత్తరం కోసం గురువుల దగ్గరకు వచ్చేవారికి కూడా ఒక మాట. మీరు ఫలానా ఊరివారని, ఫలానా కష్టంలో ఉన్నారని తెలిసిన సత్యాన్ని ధ్రువపరచి సంతకం పెడతాను. ఇతరులను పక్కనపెట్టి మీకు ఇమ్మని మాత్రం రాయను. వచ్చేటప్పుడు ఆఫీసువారు కారణం రాసి ఇచ్చిన కాగితం తీసుకురండి. ఇవ్వకపోతే ముందు అది అడగడానికి కలసి వెళదాం.