ఆ అయిదంకెలు

చిరంజీవి కిరణ్‌కి పెదనాన్న ఆశీర్వదించి రాస్తున్నది.

హైదరాబాదులో ఇళ్ళకు స్మార్ట్ తాళాలు, లైట్లు, సెన్సార్లు బిగించే పని సొంతంగా మొదలుపెట్టావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషం. వైరింగులో నీ పనితనం నాకు తెలుసు కనుక దాని గురించి ఏమీ చెప్పను. చెప్పాలనుకున్నది కంటికి కనపడని పని గురించి. కొత్త పరికరాన్ని, ఇంట్లోని పరికరాలన్నిటినీ నడిపే కంట్రోలర్‌తో జత చేసే ఆ రెండు మూడు నిమిషాలున్నాయి చూడు, వైర్‌లెస్ ఇంటి భద్రత చాలావరకు అక్కడే తేలిపోతుంది. లైటు వెలిగింది, తాళం తెరుచుకుంది అంటే ఇంటివాళ్ళు పని అయిపోయిందనుకుంటారు. దాన్ని ఎలా జత చేశావో తెలిసేది నీకొక్కడికే. వాళ్ళు అడగరు, అడగడం వాళ్ళకి తెలియదు కూడా. అందుకే నీ మీద బాధ్యత ఎక్కువ.

నా ఉద్యోగమంతా వైర్‌లెస్ పరికరాలతోనే గడిచింది కదా. గాల్లోకి వదిలిన సిగ్నల్ గోడ దగ్గర ఆగదు. పక్క ఫ్లాటులోనూ, కింద పార్కింగులోనూ అందుతుంది. అందుకే ఈ పరికరాలన్నీ మాటను రహస్య లిపిలోకి మార్చి పంపుతాయి. దానికి వాడే ఏఈఎస్ 128 బిట్ పద్ధతిని బద్దలు కొట్టగలిగినవాడు లేడు. అయితే ఆ లిపిని విప్పే కీని కొత్త పరికరానికి ఒక్కసారైనా అందించాలి కదా? అందించేదీ గాల్లోనే. దొంగకి అవకాశం ఉంటే గింటే అప్పుడే.

జీ-వేవ్ అనే వైర్‌లెస్ పద్ధతితో మొదలుపెడతాను, నువ్వు తాళాలకి ఎక్కువగా అదే వాడుతున్నావట. అందులో మొదట వచ్చిన భద్రతా పద్ధతి ఎస్0. అది నెట్‌వర్క్ కీని కొత్త పరికరానికి పంపేటప్పుడు ఒక తాత్కాలిక కీతో కప్పి పంపుతుంది. ఆ తాత్కాలిక కీ ఏమిటో తెలుసా? 16 బైట్లూ సున్నాలే. ప్రపంచంలో ఏ జీ-వేవ్ పరికరానికైనా అంతే. తలుపుకి తాళం వేసి, తాళంచెవి దానికే తగిలించి వెళ్ళడం లాంటిది. జత చేసే ఆ కాసేపు ఎవరైనా వింటూ ఉంటే ఇంటి కీ అతని చేతిలో పడినట్టే.

దాన్ని సరిదిద్దడానికి వచ్చింది ఎస్2. 2017 ఏప్రిల్ నుంచి కొత్తగా సర్టిఫికెట్ పొందే ప్రతి జీ-వేవ్ పరికరంలోనూ అది ఉండి తీరాలన్నారు. ఇందులో రెండు వైపులా ఒక గణితం ద్వారా ఉమ్మడి రహస్యాన్ని తయారుచేసుకుంటాయి, కాబట్టి వింటూ కూర్చున్నవాడికి ఏమీ దక్కదు. మరి మధ్యలో దూరి నేనే తాళాన్ని అని కంట్రోలర్‌ని మోసగించేవాడి సంగతేమిటి? అతని కోసమే పెట్టె మీదో పరికరం మీదో 40 అంకెల సంఖ్య అచ్చువేస్తారు, అయిదేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులుగా. పరికరం తన పబ్లిక్ కీని పంపేటప్పుడు మొదటి రెండు బైట్లు ఖాళీగా ఉంచి పంపుతుంది. ఆ ఖాళీని నింపేవాడివి నువ్వు. మొదటి గుంపులోని అయిదంకెలు చూసి యాప్‌లో కొడతావు. అవి స్టిక్కర్ మీద ఉన్నవే తప్ప గాల్లో ప్రయాణించినవి కావు కనుక, ఎదుట ఉన్న తాళమే మాట్లాడుతోందని కంట్రోలర్‌కి నమ్మకం కుదురుతుంది. ఆ అయిదంకెల అర్థం అది. విసుగనిపిస్తే దాటవేయడానికి యాప్ నీకు వీలిస్తుంది. దాటవేయకు. క్యూఆర్ కోడ్ ఉన్న చోట దాన్నే స్కాన్ చెయ్యి, అప్పుడు 40 అంకెలూ సరిచూస్తుంది.

అయితే 2018లో బ్రిటన్‌కి చెందిన పెన్ టెస్ట్ పార్ట్‌నర్స్ అనే భద్రతా సంస్థ వాళ్ళు ఇందులోనూ ఒక లోపాన్ని చేసి చూపించారు. పరికరం మొదట తనని తాను పరిచయం చేసుకునే సందేశం రహస్య లిపిలో ఉండదు. దాడి చేసేవాడు దాని స్థానంలో, నాకు ఎస్2 రాదు అని చెప్పే నకిలీ సందేశం పంపితే, కంట్రోలర్ పాపం ఎస్0కి దిగిపోతుంది. దిగిందంటే మళ్ళీ ఆ సున్నాల కీయే. ఇది జరగాలంటే జత చేసే సమయానికే అతను దగ్గర్లో ఉండాలి, నిజమే. కానీ దాడి లేకుండానే, తొందరలోనో పాత యాప్ వల్లనో తాళాలు ఎస్0లో కూర్చోవడం మామూలుగా జరిగేదే. కాబట్టి జత అయిన వెంటనే కంట్రోలర్‌లో ఆ తాళం పేరు తెరిచి ఏ భద్రతా వర్గంలో చేరిందో చదువు. తాళానికి ఎస్2 యాక్సెస్ కంట్రోల్ అని ఉండాలి. లేకపోతే ముందు దాన్ని నెట్‌వర్క్ నుంచి తొలగించి, మళ్ళీ మొదటి నుంచీ జత చెయ్యి. సెట్టింగులు మార్చితే సరిపోదు.

లైట్లకి, సెన్సార్లకి ఎస్2 అథెంటికేటెడ్ చాలు. తాళాలకు వేరే వర్గం ఎందుకంటే, ఒక్కో వర్గానికి ఒక్కో కీ ఉంటుంది. ఎప్పుడైనా ఒక బల్బు కీ బయటపడినా తాళాల కీ పదిలం. అన్నిటినీ తాళం వర్గంలోనే పెడితే ఇంకా మంచిదేమో అనుకోకు, ఈ విభజన పెట్టినవాళ్ళు బాగా ఆలోచించే పెట్టారు. పాత బల్బులని ఎస్0లో చేర్చడం మాత్రం శుద్ధ దండగ. ఎస్0లో ఒక్క ఆజ్ఞకి మూడు సందేశాలు తిరుగుతాయి, నెట్‌వర్కంతా నెమ్మదిస్తుంది.

ఇంకో మాట. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో తెచ్చిన తాళం బిగించమని నిన్ను చాలామంది అడుగుతారు. అక్కడి జీ-వేవ్ 908.42 మెగాహెర్ట్జ్ మీద, మన దేశానిది 865.2 మీద పనిచేస్తాయి. అక్కడి తాళం మాట ఇక్కడి కంట్రోలర్‌కి వినపడదు. ఎంత బతిమాలినా కుదరదని మర్యాదగా చెప్పెయ్యి.

జిగ్‌బీ అనే ఇంకో వైర్‌లెస్ పద్ధతికి ఈ ఇబ్బంది లేదు, 2.4 గిగాహెర్ట్జ్ ఎక్కడైనా ఒకటే. దాని బలహీనత వేరు. కొత్త పరికరానికి నెట్‌వర్క్ కీ పంపేటప్పుడు మామూలుగా వాడే కీ "జిగ్‌బీఅలయన్స్09" అనే మాటే. అది రహస్యమేమీ కాదు, అందరికీ తెలిసిందే. జిగ్‌బీ 3.0 వచ్చాక పరికరం మీద అచ్చువేసిన ఇన్‌స్టాల్ కోడ్‌తో ఆ కీని కప్పే వీలు కలిగింది. కంట్రోలర్ ఒప్పుకుంటే అదే వాడు. లేని చోట కనీసం నెట్‌వర్క్ తలుపు తెరిచి ఉంచకు. కొత్తవాటిని చేర్చుకునే సమయం ఒక్కోసారి 254 సెకన్ల దాకా ఉంటుంది, పని అవగానే చేత్తో ఆపెయ్యి.

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లని వాయిదా వేయకూడదని ఎందుకు చెబుతానంటే, 2016లో ఇజ్రాయెల్‌లో జరిగింది గుర్తుకొస్తుంది. ఆర్‌ఎస్‌ఏ అనే రహస్య లిపి పద్ధతిని కనిపెట్టిన ముగ్గురిలో ఒకరైన ఆది షమీర్, తన సహచరులతో కలిసి ఫిలిప్స్ హ్యూ బల్బుల్లో లోపం పట్టుకున్నారు. బీర్‌షేబాలో ఒక భవనం బయట డ్రోన్ ఎగరేసి, లోపలి బల్బులని ఆపద సంకేతంలా మిణుకు మిణుకుమనిపించారు. బల్బుని ముట్టుకోలేదు, భవనంలోకి వెళ్ళలేదు. కంపెనీ సవరణ విడుదల చేసింది. సవరణ ఎక్కించుకున్న బల్బులకే దానివల్ల మేలు.

2022 అక్టోబరులో మ్యాటర్ అనే కొత్త ప్రమాణం మొదటి వెర్షన్ వచ్చింది. రాబోయే ఏళ్ళలో నీకు ఎక్కువగా ఎదురయ్యేది అదే. స్టిక్కర్ మీది క్యూఆర్ కోడో 11 అంకెల సంఖ్యో ఇస్తే, అందులోని రహస్యం గాల్లోకి వెళ్ళకుండానే పరికరమూ కంట్రోలరూ ఒకదాన్నొకటి గుర్తుపడతాయి. పరికరం నిజమైన తయారీదారుదేనా అని సర్టిఫికెట్ కూడా చూస్తుంది. ధ్రువీకరించని పరికరం అని తెరమీద హెచ్చరిక వస్తే ఆగు. అది ఇంటివాళ్ళతో చెప్పాల్సిన సంగతే గానీ, నీ అంతట నువ్వు సరే అని నొక్కాల్సింది కాదు.

ఇదంతా తెలిసినా నిన్ను తప్పుదోవ పట్టించేది తొందర. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడుతుంది, పెయింటర్లు ఇంకా లోపలే ఉంటారు, ఇంటాయన అయిపోయిందా అని అడుగుతూనే ఉంటాడు. అప్పుడే అయిదంకెలు వదిలేయాలనిపిస్తుంది. ఒప్పుకునేటప్పుడే జతచేయడానికి విడిగా ఒక పూట కావాలని చెప్పి ఒప్పుకో.

అంతకంటే ముఖ్యం, కంట్రోలర్ ఖాతా ఎవరి పేరున ఉందన్నది. సౌకర్యం కోసం నీ ఈమెయిల్‌తో తెరిచి, తర్వాత మారుద్దాంలే అనుకోవద్దు. మొదటి నుంచీ యజమాని ఈమెయిల్, యజమాని ఫోన్, రెండంచెల ధ్రువీకరణ. పని అయ్యాక నీకు ఇచ్చిన అనుమతి వాళ్ళ ముందే తీయించు. తాళానికి నువ్వు పెట్టిన పిన్ వాళ్ళ చేత మార్పించు. స్టిక్కర్ల ఫోటోలు నీ వాట్సాప్‌లో ఉండకూడదు, ఆ అంకెలు ఒక కాగితం మీద రాసి వాళ్ళ రిజిస్ట్రేషన్ కాగితాలతో పాటు బీరువాలో పెట్టమని ఇవ్వు. పనమ్మాయికి వేరే కోడ్, అద్దెకున్నవాళ్ళకి వేరే కోడ్ పెట్టడం నేర్పు. ఇల్లు చేతులు మారినప్పుడు కంట్రోలర్‌ని పూర్తిగా రీసెట్ చేయాలని కూడా అదే కాగితం మీద రాయి.

ఇప్పటికే నువ్వు తాళాలు బిగించిన ఇళ్ళున్నాయి కదా. ఈ ఆదివారం వాళ్ళకి ఫోన్ చేసి, ఒక్కో తాళం ఏ వర్గంలో ఉందో యాప్‌లో చూసి చెప్పమను. ఎస్0 అని ఉన్న చోటికి నువ్వే వెళ్ళి, తొలగించి మళ్ళీ జత చేసి రా. దానికి డబ్బు తీసుకోకు.

ఇట్లు,
మీ పెదనాన్న