నవ్వుల పత్రిక కథ (పాఠం)



ఈ నెల మన గోడపత్రికలో నేను ఒక పాఠం లాగా రాస్తున్నాను. అది విద్యార్థులే నడిపే ఒక హాస్యపత్రిక గురించి. మా ఇంగ్లీషు టీచర్ చెప్తుంటే విని నోట్సు రాసుకున్నాను. ఎందుకు రాస్తున్నానో చివర్లో చెప్తాను. మధ్యలో వదిలేసి పోవద్దు.

1. పుట్టుక

అమెరికాలో మాసచుసెట్స్ అనే రాష్ట్రం ఉంది. అక్కడ కేంబ్రిడ్జి అనే ఊళ్ళో హార్వర్డ్ విశ్వవిద్యాలయం గలదు. దానిని 1636లో స్థాపించారు. 1876 ఫిబ్రవరిలో అక్కడ చదివే ఏడుగురు విద్యార్థులు కలిసి ఒక హాస్యపత్రిక మొదలుపెట్టారు. దాని పేరు హార్వర్డ్ ల్యాంపూన్. ల్యాంపూన్ అంటే ఎగతాళి చేస్తూ రాసే రాత అని అర్థం. లండన్‌లో 1841 నుంచి వచ్చిన పంచ్ అనే హాస్యపత్రికను చూసి వాళ్ళకు ఈ ఆలోచన వచ్చింది. అంటే వాళ్ళు కూడా ఇంకొకరిని చూసే నేర్చుకున్నారన్నమాట. యేల్ అనే ఇంకో విశ్వవిద్యాలయంలో యేల్ రికార్డ్ అనే పత్రిక 1872లోనే పుట్టింది.

2. నవ్వే కోట

ఆ ఏడుగురిలో ఎడ్మండ్ వీల్‌రైట్ అనే ఆయన పెద్దయ్యాక భవనాల నమూనాలు గీసేవాడు అయ్యాడు. తన పత్రికకు తనే ఒక ఇల్లు గీసి ఇచ్చాడు. అది 1909లో తయారైంది. చిన్న కోటలాగా ఉంటుంది. ముందు నుంచి చూస్తే కిటికీలు కళ్ళు, పైన టోపీ, అచ్చం మనిషి మొహమే. దాని శిఖరం మీద ఐబిస్ అనే పక్షి బొమ్మ ఉంటుంది. ఐబిస్ అంటే మన చెరువు దగ్గర కొంగలాంటిదే, కాకపోతే ముక్కు కిందికి వంగి ఉంటుంది.

3. అల్లరి సంప్రదాయాలు

అదే విశ్వవిద్యాలయంలో క్రిమ్సన్ అనే విద్యార్థుల వార్తాపత్రిక కూడా ఉంది. అది 1873లో పుట్టింది. ఈ రెండింటికీ ఎప్పుడూ పోటీయే. 1953లో క్రిమ్సన్ వాళ్ళు ఆ పక్షి బొమ్మను ఎత్తుకుపోయి, సోవియట్ దేశపు ప్రతినిధికి అమెరికా విద్యార్థుల బహుమతి అని చెప్పి ఇచ్చేశారు! ఆయన నిజమనుకొని తీసుకున్నాడు. తర్వాత ల్యాంపూన్ వాళ్ళు దాన్ని అడిగి తెచ్చుకోవలసి వచ్చింది.

ల్యాంపూన్ వాళ్ళు తక్కువేం కాదు. ఆ రాష్ట్ర శాసనసభలో కాడ్ అనే చేప బొమ్మ ఒకటి వేలాడుతూ ఉంటుంది. చెక్కతో చేసింది. అక్కడివాళ్ళు చేపల వేట మీద బతికారు కాబట్టి దానికి చాలా గౌరవం. 1933లో వాళ్ళు దాన్నే మాయం చేశారు. పోలీసులు వెతికారు. కొద్ది రోజుల్లోనే తిరిగి ఇచ్చేశారు.

ఇంకో సంప్రదాయం ఏమిటంటే, పెద్ద పత్రికలను అనుకరించి ఉత్తుత్తి సంచికలు వేయడం. 1986లో యు.ఎస్.ఎ. టుడేను, 2008లో నేషనల్ జియోగ్రాఫిక్‌ను అట్లా వేశారు. పెద్దవాళ్ళు ఎట్లా రాస్తారో బాగా చదివితేనే అట్లా అనుకరించగలం. కాబట్టి నవ్వించడానికి కూడా చదువు కావాలి.

4. ఆడపిల్లలు

మొదటి ఏడుగురూ అబ్బాయిలే. 1970లలో గాని ఆడపిల్లలను చేర్చుకోలేదు. అంటే దాదాపు వంద సంవత్సరాలు! తర్వాత లీసా హెన్సన్ అనే అమ్మాయి మొదటి మహిళా అధ్యక్షురాలు అయింది.

5. చేసిన తప్పు

యాన్ ఫ్రాంక్ యూదుల అమ్మాయి. హిట్లర్ మనుషులకు దొరక్కుండా దాక్కుని డైరీ రాసింది. 1945లో వాళ్ళ క్యాంపులో 15 ఏళ్ళకే చనిపోయింది. 2019లో ల్యాంపూన్ వాళ్ళు ఆ అమ్మాయి మొహాన్ని ఒక అసభ్యమైన బొమ్మకు అతికించి జోకు వేశారు. చాలామందికి కోపం, బాధ కలిగాయి. తర్వాత వాళ్ళు క్షమాపణ చెప్పారు.

నేను ఇక్కడ ఆగిపోయి ఆలోచించాను. శాసనసభ చేపను ఎత్తుకుపోతే నవ్వు వచ్చింది. యాన్ ఫ్రాంక్ జోకుకు ఎందుకు రాలేదు? శాసనసభ పెద్దది, తిరిగి మాట్లాడగలదు. చనిపోయిన పిల్ల తిరిగి ఏం మాట్లాడుతుంది?

6. మన గోడ

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానో చెప్తాను. పోయిన నెల మన 'నవ్వుల మూల'లో రెండు జోకులు వచ్చాయి. ఒకటి, "మన సాంబారులో పప్పు కనిపెట్టినవారికి బహుమతి" అని. అది ఆ సాయంత్రానికే చిరిగిపోయింది. ఎవరు చింపారో రాయను.

రెండోది, "ఆరో తరగతిలో ఒక మూగపిల్ల చేరింది, గ్లాసుతో మాట్లాడుతుంది" అని. అది నెలంతా ఉంది. ఆ చెల్లి మూగది కాదు. తెలుగు సరిగా రాక, నీళ్ళు కావాలని గ్లాసు చూపించింది, అంతే. అందరూ నవ్వారు. ఆ జోకు రాసింది నేనే.

ఆదివారం ఆ చెల్లి నాన్న వచ్చారు. పిల్లలు ఆ కాగితం వైపు చూపించి నవ్వుతున్నారు. ఆయనకు చదువు రాదు. నన్ను పిలిచి "మా పిల్ల గురించి ఏం రాశారమ్మా?" అని అడిగారు. నా గొంతు ఎండిపోయింది. "బాగా చదువుతుందని రాశారు బాబాయ్" అన్నాను. ఆయన సంతోషపడి ఆ కాగితాన్ని చేత్తో నిమిరి వెళ్ళిపోయారు.

మా నాన్నకు కూడా చదువు రాదు. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషిని నేనే. నేను చేరిన కొత్తలో మేడం గారిని 'సార్' అని పిలిచేదాన్ని. అదంతా మర్చిపోయాను.

ఆ చెల్లి దగ్గరికి పోయి మన కోయమాటలోనే క్షమించమని అడిగాను. ఏమీ అనలేదు. మరునాడు నా పక్కన కూర్చుని అన్నం తిన్నది.

7. మనకు నేను అనుకున్న నియమాలు

(అ) ఎవరి మీద రాశామో వాళ్ళ ముందు పైకి చదవలేని జోకు అంటించకూడదు.
(ఆ) చదవలేని వాళ్ళ మీద, చిన్నవాళ్ళ మీద, వాళ్ళ భాష మీద రాయకూడదు.
(ఇ) రాసినవాళ్ళు పేరు రాయాలి.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. సాంబారు జోకు తప్పయితే మమ్మల్ని పిలిచి చెప్పండి, మేమే తీసేస్తాము. కానీ చిన్నపిల్లను ఏడిపించే జోకు కనిపిస్తే మాత్రం ముందు దాన్ని చింపండి. రాసింది నేనైనా సరే.

ప్రశ్నలు

1. హార్వర్డ్ ల్యాంపూన్ ఏ సంవత్సరంలో పుట్టింది? ఎంతమంది కలిసి మొదలుపెట్టారు?
2. పక్షి బొమ్మ ఎవరి చేతికి పోయింది?
3. నువ్వు పోయినసారి ఎవరిని చూసి నవ్వావు? వాళ్ళు కూడా నవ్వారా? (జవాబు కాగితం మీద రాయనక్కరలేదు.)

తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని